ఇంటిపేరు పోగొట్టుకున్న జట్టు

ఓక్లండ్ బేస్‌బాల్ జట్టు చివరి సీజన్‌ను ఒక కర్నూలు అభిమాని పక్కన కూర్చుని చూస్తే...

2024 మార్చి 28 సాయంత్రం. ఓక్లండ్ కొలీజియం స్టేడియం పార్కింగ్ స్థలంలో జాతర వాతావరణం. కార్ల వెనక పొయ్యిల మీద మాంసం కాలుతోంది. డ్రమ్ములు మోగుతున్నాయి. ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కున్న వేల మంది గేటు దాకా వచ్చారు గానీ లోపలికి మాత్రం వెళ్లడం లేదు. లోపల ఓక్లండ్ అథ్లెటిక్స్ సీజన్‌లో తొలి మ్యాచ్ ఆడుతోంది. ఆ జనంలో 63 ఏళ్ల మా చిన్నాయన కూడా ఉన్నాడు. పాత ట్రాన్సిస్టర్‌ను చెవికి ఆనించుకుని, ఒళ్లో స్కోరు పుస్తకం పెట్టుకుని మడత కుర్చీలో కూర్చున్నాడు.

"వంద గజాల దూరంలో ఆట జరుగుతుంటే బయట కూర్చుని రేడియోలో వినడమేంటి చిన్నాయనా?" అని అడిగాను.

"టికెట్ కొంటే ఆ డబ్బు వాని జేబులోకి పోతాది" అన్నాడు తల ఎత్తకుండానే. "జట్టు నాది. డబ్బులు మాత్రం వానికియ్యను."

ఆ రోజు క్లీవ్‌లండ్ చేతిలో ఓక్లండ్ 8-0 తేడాతో చిత్తుగా ఓడింది. లోపల అధికారిక లెక్క ప్రకారం 13,522 మంది ఉన్నారు. చిన్నాయన మాత్రం తొమ్మిది ఇన్నింగ్స్ పూర్తయ్యే దాకా కుర్చీలోంచి లేవలేదు.

నేను ఆ ఏడాది అమెరికా వెళ్లింది ఆట చూడడానికి కాదు. రాజనీతి శాస్త్రంలో పీజీ చేసి జర్నలిజంలోకి వచ్చిన నాకు అధ్యక్ష ఎన్నికలను దగ్గర్నుంచి చూసే ఫెలోషిప్ దొరికింది. బస ఫ్రీమాంట్‌లోని చిన్నాయన ఇంట్లో. బేస్‌బాల్ గురించి నాకు తెలిసిందల్లా 2011లో వచ్చిన 'మనీబాల్' సినిమా. ఆ సినిమా తీసింది ఈ జట్టు గురించేనని, 2002లో వరుసగా 20 మ్యాచ్‌లు గెలిచిన కథ అదేనని ఆ ఇంట్లో అడుగుపెట్టాకే తెలిసింది. "దేశానికి ఎన్నికలు నవంబర్‌లో గానీ, ఈ ఇంట్లో రోజూ ఎన్నికల ఫలితాలే" అని చిన్నమ్మ మొదటి రోజే హెచ్చరించింది. సీజన్‌కు 162 మ్యాచ్‌లు. ఆరు నెలలపాటు దాదాపు ప్రతిరోజూ ఒకటి. ఆమె మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

చిన్నాయన కోపానికి కారణం అర్థం కావాలంటే కాస్త చరిత్ర తెలియాలి. ఈ జట్టు 1901లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. 1955లో కాన్సస్ సిటీకి, 1968లో ఓక్లండ్‌కు మారింది. ఓక్లండ్‌కు నాలుగు వరల్డ్ సిరీస్ టైటిళ్లు తెచ్చింది: 1972, 73, 74లలో వరుసగా మూడు, 1989లో మరొకటి. అక్కడ ఇది కార్మికుల ఊరి జట్టు. బే అవతల సంపన్న శాన్‌ఫ్రాన్సిస్కోకు దీటుగా నిలబడ్డానని ఓక్లండ్ చెప్పుకోవడానికి మిగిలిన గుర్తుల్లో ఒకటి. బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్ 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోకు, ఫుట్‌బాల్ జట్టు రెయిడర్స్ 2020లో లాస్‌వేగస్‌కు వెళ్లిపోయాక మిగిలింది అథ్లెటిక్స్ ఒక్కటే. అభిమానులు ముద్దుగా 'ఏస్' అంటారు.

కొత్త స్టేడియం కోసం ఓక్లండ్ నగరంతో ఏళ్ల తరబడి సాగిన చర్చలు తెగలేదు. నెవాడా రాష్ట్రం 2023 జూన్‌లో 38 కోట్ల డాలర్ల దాకా ప్రజాధనం ఇవ్వడానికి చట్టం చేసింది. నవంబర్‌లో లీగ్‌లోని జట్ల యజమానులంతా ఏకగ్రీవంగా లాస్‌వేగస్ తరలింపునకు ఓటేశారు. అంతకు ముందు, 2023 జూన్ 13న అభిమానులు ఒక వింత నిరసన చేశారు. బహిష్కరణకు బదులు స్టేడియం నింపారు. 'అమ్మెయ్' అని యజమాని జాన్ ఫిషర్‌కు చెబుతూ ఆకుపచ్చ చొక్కాలు వేసుకుని 27,759 మంది వచ్చారు. జనం రావడం లేదు కాబట్టే వెళ్లిపోతున్నామన్న వాదనకు అది జవాబు. ఆ మ్యాచ్ ఏస్ గెలిచింది కూడా. ఫలితం మాత్రం మారలేదు.

ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లో రాసిన 'ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ' రాజనీతి శాస్త్ర విద్యార్థులకు సుపరిచితం. ఒక సంస్థ పనితీరు దిగజారితే దానితో సంబంధమున్నవారికి రెండు దారులుంటాయి. వదిలి వెళ్లడం, లేదా గొంతెత్తడం. ఆ రెంటి మధ్య తూకం విధేయతది. పీజీలో ఈ సిద్ధాంతం మీద పేజీలకు పేజీలు రాశాను. ఓక్లండ్‌లో అది తలకిందులైంది. ఇక్కడ కొనేవాడు అక్కడే ఉన్నాడు, వదిలి వెళ్తున్నది అమ్మేవాడు. ఏప్రిల్ 4న మరో ప్రకటన వచ్చింది. వేగస్ స్టేడియం కట్టే దాకా 2025 నుంచి శాక్రమెంటోలోని చిన్న మైదానంలో ఆడతారట. అక్కడ పట్టేది సుమారు 14,000 మంది. నేను హర్ష్‌మన్ గురించి చెబితే చిన్నాయన ఓపిగ్గా విని, "ఆయప్పకు జట్టు ఉన్నట్టు లేదే" అన్నాడు.

చిన్నాయన అమెరికా చేరింది 1987లో. హేవర్డ్‌లో ఒక కిరాణా దుకాణంలో రాత్రి డ్యూటీ. కౌంటర్ మీద రేడియోలో బిల్ కింగ్ వ్యాఖ్యానం. ఇంగ్లీషులో డిగ్రీ పాసైనా అమెరికన్ల మాట చెవికెక్కని రోజులవి. రోజూ అవే మాటలు, అవే పేర్లు వినీ వినీ భాష పట్టుబడింది. ఏదైనా అద్భుతం జరిగితే బిల్ కింగ్ 'హోలీ టొలీడో' అని కేక వేసేవాడు. 2005లో ఆయన చనిపోయాడు గానీ, పాలు పొంగినా చిన్నాయన నోట వచ్చేది ఇప్పటికీ ఆ మాటే. 1989 అక్టోబర్ 17న వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ మొదలవబోతుండగా భూకంపం వచ్చింది. రాక్లన్నీ కూలిన దుకాణంలో చీకట్లో ఆయన బ్యాటరీ రేడియో చుట్టూ పదిమంది చేరారట. "అంతవరకు నన్ను పేరు పెట్టి పిలిచినోడు లేడు రా. ఆ రాత్రి అందరూ అడిగినారు నా పేరు" అని చెప్పాడు.

నాకు స్కోరు రాయడం నేర్పింది ఆయనే. క్రికెట్ స్కోర్‌బుక్ లాంటిదే గానీ ఇందులో సంకేతాలు ఎక్కువ. ఫీల్డర్లకు 1 నుంచి 9 దాకా అంకెలుంటాయి. బ్యాట్స్‌మన్ మూడు స్ట్రయిక్‌లతో ఔటైతే 'కె'. బ్యాట్ ఊపకుండా నిలబడి ఔటైతే అదే అక్షరం తిరగేసి రాయాలి. "ఏమీ చేయకుండా పోయినోనికి గుర్తు తిరగబడతాది" అనేది ఆయన వ్యాఖ్య. పది ప్రయత్నాల్లో మూడుసార్లు హిట్ కొట్టినవాడు గొప్ప ఆటగాడు, ఏడుసార్లు విఫలమైనా సరే. మన దగ్గర అలాంటి బ్యాట్స్‌మన్‌ను దిష్టిబొమ్మ కట్టి తగలబెడతారన్నాను. చిన్నాయన నవ్వాడు. బీరువా నిండా 35 ఏళ్ల స్కోరు పుస్తకాలున్నాయి. 1991 మే 1న రికీ హెండర్సన్ 939వ బేస్ దొంగిలించి మేజర్ లీగ్ రికార్డు సృష్టించిన రోజు పేజీని అట్ట వేసి దాచుకున్నాడు. రికీ ఓక్లండ్‌లోనే పెరిగిన కుర్రాడు. కెరీర్‌లో 1,406 బేస్‌లు దొంగిలించాడు. ఆ సంఖ్యకు దరిదాపుల్లోకి ఎవరూ రాలేదు.

జూలై వచ్చేసరికి జట్టు గెలవడం మొదలుపెట్టింది. అంతకు ముందు ఏడాది 112 మ్యాచ్‌లు ఓడిన జట్టేనా ఇది అనిపించింది. బ్రెంట్ రూకర్ బంతిని స్టాండ్లలోకి పంపుతున్నాడు (ఆ సీజన్‌లో 39 హోమ్ రన్లు). మేసన్ మిల్లర్ అనే కుర్రాడు గంటకు 100 మైళ్లకు పైగా వేగంతో బంతి విసురుతున్నాడు. చిన్నాయనకు ఇది సంతోషమో శాపమో తేలలేదు. వెళ్లిపోయే జట్టు చెడ్డగా ఆడితే కోపమైనా మిగులుతుంది. ఒక రాత్రి గెలుపు విన్నాక రేడియో కట్టేసి, "పిల్లోళ్లు ఏం తప్పు చేసినారు?" అని తనలో తాను అనుకున్నాడు. ఆ వారమే మేమిద్దరం బార్ట్ రైలెక్కి కొలీజియం స్టేషన్‌లో దిగాం. పంతం నాలుగు నెలలు నిలిచింది. నేనేమీ అనలేదు.

కానీ సెప్టెంబర్ 26 నాటి చివరి మ్యాచ్‌కు రానన్నాడు. చిన్నమ్మ ఎప్పుడో మూడు టికెట్లు కొనిపెట్టింది. "శవం చూడనీకి నేనెందుకు?" అన్నాడు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు రాత్రి వంటింట్లో చిన్నమ్మ నాతో అంది: "ఊరు మునిగినప్పుడు కూడా మీ చిన్నాయన అక్కడ లేడు. నువ్వు అడగాల్సింది బేస్‌బాల్ గురించి కాదు."

మా ఊరు శ్రీశైలం జలాశయం అడుగున ఉంది. 1981లో కృష్ణా నీళ్లు వందకు పైగా గ్రామాలను ముంచాయి. లక్ష మందికి పైగా చెదిరిపోయారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌కు తరలించారు. మనుషులకు అంత శ్రద్ధ దక్కలేదు. ఇదంతా నాకు విన్న కథ. తాత ఇంటి గడపను, ద్వారబంధాన్ని ఊడదీయించి బండి మీద వేసుకుని వచ్చాడని, కర్నూలు అద్దె ఇంట్లో అవి ఏళ్ల తరబడి గోడకు చేరగిలబడి ఉన్నాయని తెలుసు. చిన్నాయన సంగతి మాత్రం తెలియదు. ఆ రాత్రి నేను అడిగితే చెప్పాడు.

"కర్నూల్లో డిగ్రీ చదువుతా హాస్టల్లో ఉన్న్యా. నాయన కబురు పెట్టినాడు, నువ్వు రావద్దు, చదువుకో అని. రాకపోవడమే మంచిదనుకున్న్యా. చూడకపోతే పోయినట్టు ఉండదు కదా. పది రోజులకు పోతే నీళ్లు. యాప చెట్టు కొసలు రెండు కనపడినాయి. అంతే." కాసేపు ఆగి అన్నాడు: "చూడకపోతే ఏమైతాదో తెలుసా? నలభై ఏండ్లయినా అది పోతానే ఉంటాది."

చివరి మ్యాచ్‌కు ముగ్గురం వెళ్లాం. మధ్యాహ్నపు ఎండ. 46,889 మందితో స్టేడియం కిక్కిరిసింది. ఒకప్పటి ఏస్ పిచ్చర్ బారీ జిటో జాతీయ గీతం పాడాడు. రికీ హెండర్సన్, డేవ్ స్టూవర్ట్ లాంఛనంగా తొలి బంతులు విసిరారు. కుడివైపు స్టాండ్ల నుంచి డ్రమ్ములు ఆగకుండా మోగుతూనే ఉన్నాయి. టెక్సస్ రేంజర్స్ మీద ఏస్ 3-2తో గెలిచింది. చివరి ఔట్ మూడో బేస్ దగ్గర్నుంచి మొదటి బేస్‌కు విసిరిన బంతి. చిన్నాయన గడిలో '5-3' అని రాసి, కింద గీత గీసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు. మేనేజర్ మార్క్ కాట్సే మైకు పట్టుకుని అభిమానులకు కృతజ్ఞతలు చెప్పి, ఊరి పేరుతో చివరి నినాదం చేయించాడు. ఎవరూ కదలడం లేదు. కొందరు మైదానం అంచున ఎర్రమట్టిని ప్లాస్టిక్ కప్పుల్లో నింపించుకుంటున్నారు. "మీరూ తెచ్చుకోండి" అంది చిన్నమ్మ. చిన్నాయన తల అడ్డంగా ఊపాడు. "నాయన గడప మోసినాడు. ఏం చేసుకున్నాం దాంతో?" అన్నాడు. కానీ స్టేడియం నుంచి చివరగా బయటికొచ్చిన వాళ్లలో మేమూ ఉన్నాం.

మూడు రోజుల తర్వాత సియాటెల్‌లో ఓటమితో సీజన్ ముగిసింది. 69 గెలుపులు, 93 ఓటములు. ఆ డిసెంబర్ 20న రికీ హెండర్సన్ 65 ఏళ్ల వయసులో మరణించాడు. అప్పటికి నేను హైదరాబాద్ వచ్చేశాను. ఫోన్‌లో చిన్నాయన ఎక్కువ మాట్లాడలేదు.

2025లో జట్టు శాక్రమెంటోలో ఆట మొదలుపెట్టింది. తాత్కాలిక బస గనుక ఏ ఊరి పేరూ పెట్టుకోలేదు. ఒట్టి 'అథ్లెటిక్స్'. చిన్నాయన దీనికి అన్నిటికన్నా ఎక్కువ నొచ్చుకున్నాడు. "ఇంటిపేరు లేకుండా తిరుగుతాండారు రా" అన్నాడు. మా ఇంటిపేరు మునిగిపోయిన ఊరి పేరే. పటంలో లేని ఊరు ఆయన పాస్‌పోర్టులో, నా ప్రెస్ కార్డు మీద ఉంది. రోజూ రాసే ఆ మాటకు బరువుందని అప్పటిదాకా నాకు తట్టలేదు. పోగొట్టుకున్నవాళ్లు పేరును పట్టుకుని ఉన్నారు. పోగొట్టినవాళ్లు పేరును కూడా వదిలేశారు.

ఇక ఆ జట్టు ఆట విననని చిన్నాయన ఖరాఖండిగా చెప్పాడు. నేను నమ్మాను. 2025 జూలై 26 ఉదయం ఆఫీసుకు బయల్దేరుతుంటే ఫోన్ మోగింది.

"నిక్ కుర్జ్ అని కొత్త పిల్లోడు, హ్యూస్టన్ మీద ఒకే మ్యాచ్‌లో నాలుగు హోమ్ రన్లు కొట్టినాడు రా! కొత్తగా వచ్చినోడు ఎవడూ ఇంతవరకు కొట్టలేదు. హోలీ టొలీడో!"

అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం.

"రేడియో ఊరికే పెట్టినా లే" అన్నాడు.