వ్యాను ముక్కు దించే ముందు

ఇవాళ మనం ఒక పాత వ్యాను కిందికి దూరి చూడబోతున్నాం. ఏ వ్యాను అంటారా? మీకు తెలిసిందే. గుండ్రటి ముఖం, దాని మీద పళ్లెమంత బిళ్ల, నిలువునా రెండుగా చీలిన ముందు అద్దం, పైన ఒక రంగు, కింద ఒక రంగు. ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2. దీనికి బెన్ పాన్ అనే డచ్చి వ్యాపారి 1947లో నోటుబుక్కులో తొలి బొమ్మ గీశాడు. 1950 మార్చిలో వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో తయారీ మొదలైంది, 1956లో హానోవర్‌కి మారింది. మనవాళ్లు హిప్పీ వ్యాను అంటే గుర్తుపడతారు. అరవైల చివర, డెబ్బైలలో ఇస్తాంబుల్, కాబూల్, లాహోర్ మీదుగా ఢిల్లీకీ గోవాకీ వచ్చిన తెల్లవాళ్లలో ఎంతోమంది ఇందులోనే వచ్చారు.

ఈ బండి మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు రెండు పక్షాలు. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాలని ఒక పక్షం. చక్రాలు ఒంట్లోకి సగం మునిగేదాకా దించేసి, నేలను రాసుకుంటూ తిప్పేది రెండో పక్షం. కాలిఫోర్నియాలో బీటిల్ కార్ల ముక్కు దించే సరదా అరవైలలోనే మొదలైంది, అక్కణ్ణుంచి వ్యాన్లకూ అంటుకుంది. నేను ఎటువైపు అంటే రెండో పక్షానికే ఓటేస్తాను, కాకపోతే ఒక షరతు మీద. ముందు బ్రేకులు బాగుపడాలి, దించాక కూడా చక్రానికి పైకీ కిందికీ ఆడే చోటు మిగలాలి. ఈ రెండూ లేకుండా దించిన బండి ఎంత అందంగా ఉన్నా నా మనసుకు పట్టదు.

అసలు అది అంత ఎత్తున ఎందుకు నిలబడుతుందో ఆలోచించారా? అది పుట్టింది సరుకులు మొయ్యడానికి. ముప్పాతిక టన్ను బరువేసుకుని, యుద్ధంలో దెబ్బతిన్న రోడ్ల మీద తిరగాలి. ఇవాళ అందులో ఇద్దరు మనుషులు, ఒక పరుపు, ఒక స్టవ్వు తప్ప ఏమీ ఉండవు. ఖాళీగా ఎత్తుగా నిలబడిన ఆ డబ్బాను పక్కగాలి కొడితే డ్రైవరు స్టీరింగుతో కుస్తీ పట్టాలి. ఒకటి రెండు అంగుళాలు దించితే ఆ ఊగులాట తగ్గుతుంది. కాబట్టి ఇది వట్టి షోకు అని కొట్టిపారెయ్యకండి.

ఇప్పుడు కిందికి చూద్దాం. ముందు చక్రాల మధ్య అడ్డంగా, ఒకదాని మీద ఒకటిగా రెండు ఇనప గొట్టాలు కనిపిస్తాయి. దీన్నే బీమ్ అంటారు. లారీ కమాను కట్టలుగానీ, కారు కాయిల్ స్ప్రింగులుగానీ ఎక్కడా కనబడవు. స్ప్రింగు ఆ గొట్టాల లోపలే దాక్కుని ఉంది. సన్నటి ఉక్కు పట్టీలు కట్టగా కట్టి గొట్టంలో అడ్డంగా దూర్చి, సరిగ్గా నడిమధ్యన ఒక స్క్రూతో కదలకుండా బిగిస్తారు. రెండు చివర్లా వెనక్కి చాచిన చేతులుంటాయి, వాటిని ట్రెయిలింగ్ ఆర్మ్‌లు అంటారు. చక్రం గుంతలో పడి పైకి లేచినప్పుడు ఆ చెయ్యి తిరుగుతుంది, మధ్యలో కదలలేని ఉక్కు కట్ట తడిబట్టను పిండినట్టు మెలి తిరుగుతుంది. ఆ మెలిక విప్పుకోవాలని చూసే బలమే బండిని మోస్తుంది. ఫెర్డినాండ్ పోర్షే సంస్థ 1931లో పేటెంటుకు పెట్టిన ఉపాయం ఇది. బీటిల్‌లోనూ ఇదే, ఈ వ్యానులోనూ ఇదే. నాకు ఇందులో నచ్చేది పొదుపు. బండిని పట్టి ఉంచే ఇనుమూ, స్ప్రింగుని దాచే ఇనుమూ ఒకటే.

సరే, దించడం ఎలా? మన షెడ్లలో కార్ల కాయిల్ స్ప్రింగుని ఒక చుట్టు కోసెయ్యడం చూసే ఉంటారు. ఇక్కడ కోయడానికి చుట్టే లేదు. అందుకని పూర్వం కొందరు ఆ ఉక్కు పట్టీల్లో కొన్నిటిని లాగేసేవారు. బండి దిగుతుంది, నిజమే. స్ప్రింగు బలం కూడా వాటితోపాటే పోతుంది. కాస్త గట్టిగా బ్రేకు తొక్కితే ముక్కు వాలిపోయి లోపలి రబ్బరు దిమ్మెలకు ఢీకొంటుంది. ఈ పని చెయ్యమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

మర్యాదగల దారులు రెండున్నాయి. మొదటిది అడ్జస్టర్. గొట్టాన్ని నడిమధ్యన కోసి, ఉక్కు కట్టను పట్టుకున్న దిమ్మెను కాస్త తిప్పగలిగేలా పళ్లున్న అమరిక పెట్టి వెల్డింగ్ చేస్తారు. దిమ్మె తిరిగితే చేతుల కోణం మారుతుంది, బండి దిగుతుంది, స్ప్రింగు బలం అలాగే ఉంటుంది. పైగా మళ్లీ ఎత్తుకోవచ్చు కూడా. చిక్కేమిటంటే చేతులు ముందే పైకి లేచి ఉంటాయి కాబట్టి, గుంత వచ్చినప్పుడు ఇంకా పైకి వెళ్లడానికి చోటు తక్కువ. పాత పొడవు షాక్ అబ్జార్బర్లు అందులో ఇమడవు, పొట్టివి వెయ్యాలి. స్టీరింగు కదలికను చక్రాలకు అందించే టై రాడ్ల కోణం కూడా మారి, గుంతలో పడ్డప్పుడల్లా స్టీరింగు తనంతట తాను లాగుతుంది.

రెండోది డ్రాప్ స్పిండిల్. ఇది నాకు ఇష్టమైన దారి. చక్రం తిరిగే ఇరుసుని దాని స్పిండిల్ మీదే రెండు రెండున్నర అంగుళాలు పైకి జరిపి తయారుచేస్తారు. చక్రం ఉన్నచోటే ఉంటుంది, బండి మాత్రం అంత కిందికి వస్తుంది. చేతుల కోణం మారదు, ఆడే చోటు తగ్గదు, గుంతలో పడ్డప్పుడు పాత మెత్తదనమే ఉంటుంది. ఖర్చు ఎక్కువే. వీటితో చక్రాలు కాస్త బయటికి జరిగి, టైరు మడ్‌గార్డు అంచుకి తగలొచ్చు కూడా. అందుకని బీమ్‌నే పొట్టిగా కోసి వెల్డింగ్ చేయించేవాళ్లున్నారు. అప్పుడు లోపలి ఉక్కు పట్టీలనూ పొట్టి చెయ్యాలి కదా? మెలి తిరిగే కట్ట పొట్టిదైతే బిగువు పెరుగుతుంది. అంటే బీమ్ కుదించిన ప్రతి అంగుళానికీ కూర్చున్నవాళ్ల నడుము కొంత మూల్యం చెల్లిస్తుంది. టై రాడ్లు కూడా పొట్టివి కొనాలి. పాతవాటిని కోసి అతికించిన బండి నేను ఎక్కను, నా వాళ్లను ఎక్కనివ్వను.

బీమ్ మొత్తాన్నే మార్చడం ఇంకో పని. చీలిన అద్దం బండి, అంటే స్ప్లిట్, జర్మనీలో 1967 దాకా వచ్చింది. దాని ముందు చక్రాలు కింగ్ పిన్, లింక్ పిన్‌ల మీద తిరుగుతాయి, బ్రేకులు నాలుగూ డ్రమ్ములే. చాలా బండ్లలో బ్రేకు ఆయిలుకి ఒకటే సర్క్యూట్. ఒక్క పైపు పగిలితే పెడల్ నేలకంటుతుంది, ఇక మిగిలేది హ్యాండ్ బ్రేకే. ఆ తరవాత వచ్చిన, ఒకే వంపు అద్దమున్న బే విండో బండికి ఆ పిన్నుల బదులు బాల్ జాయింట్లు వచ్చాయి. 1970 ఆగస్టు నుంచి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులూ వచ్చాయి. అందుకే స్ప్లిట్‌కి బే బీమ్ వేయించాలని ఆశపడేవాళ్లు ఎక్కువ. ఆశ మంచిదే. అయితే బోల్టులు విప్పి బోల్టులు బిగిస్తే అయిపోదు. ఛాసిస్‌కి బిగించే చోటూ, స్టీరింగ్ అమరికా తేడా. కొలిచి, మళ్లీ కొలిచి, ఛాసిస్ వెల్డింగ్‌లో చెయ్యి తిరిగినవాడి చేత చేయించాల్సిన పని. డిస్కులతోపాటే చక్రాల బోల్టుల వలయం కూడా 205 మిల్లీమీటర్ల నుంచి 112కి మారింది. ముందు కొత్తవీ వెనక పాతవీ ఉంటే రెండు రకాల రిమ్ములు కావాలి, ఒక స్టెప్నీ రెంటికీ పనికిరాదు. అందుకని వెనక డ్రమ్ములు కూడా మార్చక తప్పదు.

వెనక అంటే గుర్తొచ్చింది. ముక్కు ఒక్కటే దించి వదిలేస్తే బండి ముందుకి వాలుతుంది, దాంతో స్టీరింగ్ ఇరుసు వాలు తగ్గిపోతుంది. మలుపు తరవాత స్టీరింగు తనంతట తాను తిన్నగా రావడానికి ఆ వాలే కారణం. అది తగ్గితే హైవే మీద బండి అటూ ఇటూ తిరుగుతుంది. అందుచేత వెనక భాగాన్నీ దించాలి. స్ప్లిట్ వెనక చక్రాల దగ్గర రిడక్షన్ బాక్సులని చిన్న గేరు డబ్బాలుంటాయి. యుద్ధకాలపు క్యూబెల్‌వాగన్ అనే సైనిక బండి నుంచి వచ్చాయి, బండిని ఎత్తి నిలబెట్టేవి అవే. వాటిని తీసేసి సాదా ఇరుసు వేస్తే వెనక దిగుతుంది, హైవే మీద ఇంజను రొద తగ్గుతుంది, ఘాట్ ఎక్కేటప్పుడు లాగుడూ తగ్గుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ డబ్బాలు తిరిగే దిశను తిప్పేస్తాయి. వాటిని పీకేసి పాత గేరుబాక్సు అలాగే ఉంచితే ముందుకి ఒక్క గేరూ, వెనక్కి నాలుగూ ఉన్న బండి మిగులుతుంది! గేరుబాక్సు లోపలి క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్లచక్రాన్ని రెండో పక్కకి మార్చాలి, లేదంటే బీటిల్ గేరుబాక్సు వెయ్యాలి.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన బండికి 2018 నుంచి ఏటా పరీక్ష తప్పనిసరి కాదు, గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు చెయ్యకపోతేనే. సస్పెన్షన్ పద్ధతి మార్చడం పెద్ద మార్పుల్లో ఒకటి. మినహాయింపు ఉన్నా స్వచ్ఛందంగా పరీక్ష చేయించుకోవడమే మంచిదంటాను. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలను దాటి బండిని మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. హైదరాబాద్ షెడ్డులో పాత మెటాడోర్ వ్యాను మీద ఈ సరదా తీర్చుకుందామనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి.

మీలో ఎవరైనా విదేశంలో ఉండి, దించిన స్ప్లిట్ ఒకటి కొనబోతున్నారనుకోండి. రంగు చూడకండి, టార్చి పట్టుకుని కిందికి దూరండి. బీమ్ నడుమ వెల్డింగ్ గీత సమంగా ఉందో లేదో చూడండి. రబ్బరు దిమ్మెలు నలిగి మెరుస్తున్నాయంటే ఆ బండి గుంతల్లో అడుగంటుతోందన్నమాట. స్టీరింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పించి, బ్రేకు గొట్టాలు టైరుకి రాసుకుంటున్నాయేమో చూడండి. గ్రీజు నిపుల్స్ ఎండిపోయాయా? ముందు చక్రాలను జాకీ మీద లేపి, బరువు తీసేసి గ్రీజు కొడితేనే అది లోపలికి పాకుతుంది, ఓనరు అలా చేస్తున్నాడో లేదో అడగండి. జవాబు వెంటనే వస్తే ఒకసారి నడిపి చూడండి. నీళ్లు నమిలితే ధర తగ్గించమని బేరమాడకుండా లేచి వచ్చెయ్యండి.