మా యింటి బల్ల

చెన్నపట్టణపు పాత యిండ్లకు వీథి వైపున అరుగు లుండెడివి. తంగసాల వీథి ప్రక్కసందులో మేము అద్దెకుండిన యింటి యరుగు మీదనే మా తాతగారు నాకు అక్షరములు దిద్దించి, చందమామ చదివించిరి. 1947 జూలైలో ఈ నగరముననే వెలసిన ఆ పత్రిక నేడు లేదు. ఆ యిల్లును లేదు. ఇప్పటి మా వాటాలో కుర్చీలకు కొదువ లేదు గాని, ఒక పుస్తకమును ఇద్దరు కలసి చదువుటకు కుర్చీలు పనికిరావు. చేతులు అడ్డు వచ్చును. అందులకు బల్లయే కావలెను.

నా మనుమనికి ఎనిమిదేండ్లు. తమిళము ముత్యములవలె వ్రాయును. 2006 నాటి చట్టముచే ఈ రాష్ట్రపు బడులలో తమిళము క్రమముగా తప్పనిసరి యైనది. తరతరములుగా మనము బ్రతుకుచున్న నేల భాష, నేర్చుట న్యాయమే. కాని వాని బడిలో తెలుగు లేదు. ఇంట గలగల తెలుగు మాటలాడు బాలుడు పంచాంగములో తన నక్షత్రము పేరు చదువలేడు. నేర్పవలసినవాడను నేనే.

దస్త్రములు కట్టుటయే యెరిగిన గుమాస్తా చేతులు నావి. అందుచే మా వీథి చివరనున్న వృద్ధ వడ్రంగిని ఆశ్రయించితిని. ఆయనయు తెలుగువాడే. పాతకలప అంగడిలో, పడగొట్టిన యింటి ద్వారబంధపు టేకు కొంటిమి. పాత కలప యెండవలసినంత యెండియుండును గనుక వంకరపోదు. అయితే లోపల విరిగియున్న మేకులు రంపపు పండ్లను తినివేయును. ముందుగా పదునొకండు మేకులు పెరికితిమి.

బల్ల పొడవు 4 అడుగులు, వెడల్పు 14 అంగుళములు, ఎత్తు 16 అంగుళములు. కాళ్లను కొనలనుండి మరీ లోపలికి జరిపినచో, ఒకరు అంచున కూర్చుండగనే రెండవ వైపు లేచును. చెక్క నార యెటు నడచునో అటే చిత్రిక పట్టవలెను; ఎదురు పట్టిన పొరలు లేచును. టేకు ఉలి పదునును త్వరగా హరించును, సానరాయి ప్రక్కనే యుండవలెను. చిత్రికను ఆయన తమిళమున ఇళైప్పుళి యనును. ఉలి, రంపము మాత్రము ఉభయభాషలకును ఉమ్మడి సొత్తు!

ఎక్కడను మేకు వాడలేదు. కాలి కొనను సన్నగా చెక్కి, పలకలో తొలిచిన బెజ్జమున దిగగొట్టి, అడ్డముగా వెదురు చీల బిగించితిమి. ఏ కాలు ఏ బెజ్జమునకు చెక్కబడెనో దానికే సరిపోవును గనుక గుర్తు లుంచుట వడ్రంగుల వాడుక. ఆయన గీతలు గీయబోగా, నేను పెన్సిలు మనుమని చేతి కిచ్చి అ, ఆ, ఇ, ఈ చూపి వ్రాయించితిని. వాడు నాలుక కొన బయటపెట్టి, కాళ్లకును పలక యడుగునను వ్రాసెను.

వడ్రంగి కాలు నొకదానిని త్రిప్పి చూచి, "ఇదేం అక్షరం, అబ్బాయీ?" అని యడిగెను. ఆయనకు తెలుగు చదువ రాదని నాకప్పుడు తెలిసినది. ఆయన చదివినదంతయు తమిళ బడిలోనే యట. మనుమడు, "ఇది ఇ, తాతా" అనెను. తక్కిన మూడును ఆయనయే యడిగి తెలిసికొని, అక్షరము పేరు పలుకుచు ఒక్కొక్క కాలును దిగగొట్టెను.

పైభాగమునకు అవిసెనూనె పట్టించితిమి. అడుగున పట్టింపలేదు, అక్షరములు అట్లే యున్నవి. మనుమడు గుణింతములు ముగించి ఒత్తులలో నున్నాడు. 'క్ష' దగ్గర మూడు దినములుగా పేచీ నడచుచున్నది. ఆదివారములలో వడ్రంగి వచ్చి, వానికి అవతలి వైపున కూర్చుండును.