పద్దెనిమిది అడుగుల చీకటి

పోయిన ఆషాఢంలో అమ్మ ఇంటెనక జారిపడింది. రాత్రి మూడింటికి, బాత్రూంకి పోతూ. ఎడమచేతి మణికట్టు విరిగింది. నాకు ఫోన్ చేసింది మాత్రం పొద్దున ఏడింటికి. "నిద్రల ఉంటవని చెయ్యలే బిడ్డా" అంది. ఇంటెనక బల్బు మాడిపోయి అప్పటికి నాలుగు నెలలు. "వచ్చినప్పుడు చూస్తాలే" అని ఆ నాలుగు నెలలూ అన్నది నేనే.

మా ఊరు శంషాబాద్ దాటాక, విమానాలు దిగే దారి కింద ఉంటుంది. నేనుండేది గచ్చిబౌలిలో. ఔటర్ ఎక్కితే ముప్పావు గంట. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు తెరిచాక మా ఊరి ఆకాశం పూర్తిగా నల్లబడటం మానేసింది. దాదాపు 5,500 ఎకరాల ఎయిర్‌పోర్టు, దాని చుట్టూ రోడ్లు, హోటళ్ళు, గోదాములు. ఆ దిక్కు మబ్బులకు రాత్రంతా పసుపు రంగు అంటుకునే ఉంటుంది. మా మేడ ఎక్కి చూస్తే ఎటు చూసినా వెలుతురే. కిందికి దిగి ఇంటెనక నిలబడితే కాలి చెప్పు కనబడదు.

ఆ ఎయిర్‌పోర్టుకు 10 మెగావాట్ల సొంత సోలార్ ప్లాంటు ఉంది. అంత పెద్దదాన్ని ఎండ మోస్తుంటే మా ఇంటికి ఒక్క లైటు ఎంత అనుకున్నాను. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే సోలార్ ఫ్లడ్‌లైటు ఆర్డర్ చేశాను. డబ్బా మీద "200 వాట్లు" అని ఉంది. వైరు లాగే పని లేదు, ఎలక్ట్రీషియన్ కోసం ఆగే పని లేదు. వేప చెట్టు పక్క గోడకి నేనే బిగించి, ఏదో పెద్ద బాధ్యత తీరినట్టు వచ్చేశాను.

వారం తర్వాత అడిగితే అమ్మ అంది: "పొద్దుగూకినప్పుడు మంచిగనే ఉంటది. నాకు తెలివొచ్చేసరికి ఆరిపోతది."

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. కొనకముందు వేయాల్సిన లెక్క. ఆ లైటు ప్యానెల్ ఏ4 కాగితంలో సగం ఉంటుంది. నిండు ఎండలో అంత ప్యానెల్ ఇచ్చేది ఆరు వాట్లు. మన దగ్గర ఏడాది సగటున రోజుకు దొరికేది ఐదు గంటల నిండు ఎండతో సమానం. అంటే 30 వాట్-అవర్లు. బ్యాటరీలోకి ఎక్కుతూ, దిగుతూ పోయేది పోగా 20 మిగులుతాయి. దాన్ని పన్నెండు గంటల రాత్రికి పంచితే గంటకు ఒకటిన్నర వాట్ కంటే కాస్త ఎక్కువ. మంచి ఎల్‌ఈడీ వాట్‌కు వంద ల్యూమెన్ల చొప్పున ఇచ్చినా 170 ల్యూమెన్లు దాటదు. పాతకాలం పాతిక వాట్ల బల్బు కూడా అంతకంటే కాస్త ఎక్కువే ఇచ్చేది. డబ్బా మీది 200 ఎక్కడి నుంచి వచ్చిందో ఆ డబ్బాకే తెలియాలి. ఇదీ చెట్టు నీడ లేనప్పటి లెక్క. మేము పెట్టింది వేప కింద, అదీ ముసురు రోజుల్లో.

అమ్మ చెప్పిన రెండో మాట లెక్కకి అందేది కాదు. "గిదేం లైటే, కండ్లల్ల కొడుతుంది. కింద ఏముందో కనవడ్తలేదు." తెల్లటి ఫ్లడ్‌లైటు, కంటి ఎత్తులో, ఎదురుగా. వయసు మీదపడ్డ కన్ను చీకటి నుంచి వెలుగుకి అంత త్వరగా సర్దుకోదు. నేను వెలుతురు ఎంత అని చూశానే గానీ అది ఎక్కడ పడాలో ఆలోచించలేదు.

ఈసారి వెళ్ళినప్పుడు రాత్రి ఉండిపోయాను. మూడింటికి అమ్మతో పాటే లేచి, తలుపు నుంచి బాత్రూం దాకా అడుగులు లెక్కపెట్టాను. పద్దెనిమిది. పదకొండో అడుగు దగ్గర నల్లా కారి, నాచు పట్టి ఉంది. అమ్మ పడింది అక్కడే. ఏ లైటు పెట్టినా ఆ నాచు అక్కడే ఉండేది. మర్నాడు మొదట చేయించింది నల్లా రిపేరు, తర్వాత గరుకు సిమెంటు.

దీపం సంగతి ఆ తర్వాత. నిజానికి ఆ పద్దెనిమిది అడుగులకు సోలార్ అక్కర్లేదు. గోడకు అవతల ఇంట్లోనే కరెంటు ఉంది. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ రాత్రంతా వెలిగినా నెలకు మూడు యూనిట్ల చిల్లర. మామూలు ఇంటి బిల్లులో ముప్పై రూపాయలు కూడా కాదు. పైగా 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు అమ్మకు వచ్చేది సున్నా బిల్లే. డబ్బు ఆదా అనే మాట అక్కడితో పోయింది. మంచం పక్కకి ఒక స్విచ్చి, మోకాలి ఎత్తులో, కిందికి చూసే పసుపు రంగు బల్బు. అంతే.

సోలార్ పనికొచ్చింది గేటు దగ్గర. ఇంటికి నూటయాభై అడుగుల దూరం. అక్కడిదాకా వైరు లాగాలంటే వాకిలి తవ్వాలి. అక్కడ రాత్రంతా వెలుతురు కూడా అక్కర్లేదు, ఎవరైనా వచ్చినప్పుడు చాలు. మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైటు రాత్రికి పదిసార్లు, ఒక్కో నిమిషం చొప్పున వెలిగినా, 10 వాట్లదైనా రెండు వాట్-అవర్లు దాటదు. రెండు మూడు రోజులు మబ్బు పట్టినా బ్యాటరీ ఆగుతుంది. ఈసారి ప్యానెల్ విడిగా ఉన్నది తీసుకున్నాం. ప్యానెల్ ఎండలో, దక్షిణం వైపు కాస్త వాలుగా. లైటు దాని కింద, నేల వైపు తిప్పి. బిగించిన తమ్ముడు "పైకి మాత్రం పెట్టొద్దక్కా, విమానాలు దిగే జాగ ఇది" అన్నాడు. పైలట్ల కళ్ళకి కొట్టే దీపాలు ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల పెట్టకూడదన్నది నిబంధనే.

ఇలా రెండు రకాలూ ఉండటంలో ఒక లాభం తర్వాత తెలిసింది. గాలివానకి కరెంటు పోతుంది. ముసురుకి సోలార్ నీరసపడుతుంది. రెండూ ఒకే రాత్రి చేతులెత్తేయడం ఇంతవరకు జరగలేదు.

ఎవరైనా సోలార్ లైటు కొనాలా అని అడిగితే ఇప్పుడు వాట్ల గురించి చెప్పను. ఆ చీకట్లో ఎవరు నడుస్తారు, ఎన్నింటికి, ఎన్ని అడుగులు అని అడుగుతాను. నా మొదటి ఆర్డర్లో ఈ మూడింటికీ జవాబు లేదు. అందులో ఉన్నదల్లా రేపు మళ్ళీ రాకుండా ఉండాలన్న తొందర. వైరు వద్దు, మనిషి వద్దు, ఒక్కసారి బిగిస్తే చాలు అనే ఆ మాట నాకు ఎందుకంత నచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది.

మా వైపు దుమ్ము ఎక్కువ. ఎప్పుడూ ఏదో వెంచరు, ఏదో రోడ్డు, ఏదో టిప్పరు. రెండు వారాలకోసారి తుడవకపోతే ప్యానెల్ మీద పొర కడుతుంది. అమ్మ స్టూలు ఎక్కలేదు, ఎక్కకూడదు. అందుకని నేనే పోతున్నా. తుడవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ సంగతి అమ్మకీ తెలుసు. "అన్నం తిని తుడుద్దువులే" అంటుంది. తిన్నాక, "ఇప్పుడు ఎండుంది, పొద్దుగూకినంక తుడువు" అంటుంది.