మొదట పట్టే పిస్టల్ ఎలాంటిదై ఉండాలి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పిస్టల్ నేర్చుకోవడానికి ఏది మంచిదని అడుగుతున్నారు కదా, మాకు తెలిసింది చెప్తాం.

తెనాలి, బాపట్ల, రేపల్లె హాస్టళ్ల నుంచి ఎన్‌సీసీకి వెళ్లిన మాకు గురి కొత్త కాదు, ఉండేలు పట్టిన చేతులే. శబ్దమే కొత్త. అందుకే మొదట .22 రైఫిల్ ఇస్తారు. భుజాన్ని పెద్దగా తన్నదు. భయంతో కళ్లు మూసుకునే అలవాటు పడితే మళ్లీ పోదు.

దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. నిప్పు పుట్టించే మందు తూటా అడుగున అంచులో ఉంటుంది. అంచంతా సరిగ్గా పరుచుకోకపోతే ఒక్కోసారి పేలదు. మావాడొకడికి అలాగే అయింది. "సార్, పేల్లేదు" అంటూ రైఫిల్‌తో సహా మా వైపు తిరగబోయాడు. సార్ గొట్టం నొక్కి పట్టారు. మా గుండెలు ఆగినంత పనైంది. అదే పిస్టలైతే? మణికట్టు తిరిగితే చాలు, ఆపే టైమే ఉండదు.

కాబట్టి మెరుపులు చూడకండి. కాస్త బరువున్నది, గొట్టం పొడుగున్నది, మొరాయించనిది చూడండి. మొదట్లో ఒక్కో తూటానే పెట్టండి. .22 అని చిన్నచూపు వద్దు. హైదరాబాద్ ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ పోటీ కూడా .22తోనే.

పేలకపోతే తిరగొద్దు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి, ముప్పై లెక్కపెట్టి, రెండో చెయ్యి ఎత్తండి. గురి కంటే ముందు నేర్వాల్సింది ఇదే.