ఒక యింట రెండు కుక్కలు

వంటను గూర్చియు పిల్లల పెంపకమును గూర్చియు వ్రాయవలసిన చోట నేను కుక్కల తగవును గూర్చి వ్రాయబూనుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. మూడు నెలలు మా యింటిల్లపాదికి నిద్ర లేకుండ జేసిన సంగతి గనుక వ్రాయుచున్నాను.

మాది కాణిపాకమునకు సమీపమున బాహుదానది ప్రక్కనున్న పల్లె. మా మామిడితోపునకు ఎనిమిదేండ్లుగా కావలి నల్లి యను నాడుకుక్క. రెండేండ్ల క్రిందట వినాయకచవితి బ్రహ్మోత్సవముల రద్దీలో త్రోవ దప్పిన కుక్కపిల్ల యొకటి మా చిన్నవాని వెంటబడి వచ్చినది. అదియు నాడుదే, చుక్క యని పేరిడితిమి. చెవి కొరికినను, తోక పీకినను నల్లి దానిని ఏడాదికాలము ఓర్చుకొనెను. చుక్క ఎదిగిన పిదప కథ మారినది.

నేను సంగటిముద్దలతో వంటయింటి గడప దాటుసరికి రెండును అచ్చటనే కలియబడెడివి. మొదట గుర్రుమనునది నల్లియే గనుక తప్పు దానిదేయని తీర్పు చెప్పి, చీపురుకట్టతో కొట్టుచుంటిని. బాహుదానది పేరునకు మూలముగా శంఖలిఖితుల కథ చెప్పుదురు గదా. ఆ యన్నదమ్ముల తగవు పండుతో పుట్టినది. మా యింటి తగవు సంగటితో పుట్టినదని నమ్మితిని. కొట్టగా కొట్టగా నల్లి గుర్రుమనుట మానినది. నేను గెలిచితి ననుకొంటిని.

ఒకనాటి సాయంకాలము అది చప్పుడు చేయకయే చుక్కమీద దుమికినది. విడదీయబోయి నడుమ చేయి పెట్టితిని. మణికట్టున పల్లు దిగినది. ఎవరి పల్లో నేటికిని తెలియదు. రెంటికిని ఏటేట టీకా వేయించుచుంటిమి. అయినను సబ్బుతో, పారు నీటిక్రింద 15 నిమిషములు గాయమును కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయితిని. ఆనాడును, పిదప 3వ, 7వ, 28వ దినములందును సూదిమందు వేసిరి. సొంత కుక్కయే గదా యని పసుపు అద్ది యూరకొనువారు మన యిండ్లలో నెందరో కలరు. పిచ్చికుక్క వ్యాధి పైకి కనబడిన పిదప బ్రదుకుట మిక్కిలి యరుదు.

మా యత్తగారు, "ఆ వచ్చినదాన్ని దూరంగా విడిచి రమ్మనవే, కోడలా! రేపు బిడ్డమీద పడితే ఏం చేస్తావు?" అనిరి. ఆమె మాటను త్రోసివేయుటకు నాకు నోరు రాలేదు. చిన్నవాడు మాత్రము రెండు పూటలు అన్నము ముట్టలేదు. మనుష్యుల తగవైనచో మా యూరివారు కాణిపాకము తీసికొనిపోయి వినాయకుని యెదుట ప్రమాణము చేయింతురు. కుక్కలచేత ఏమి చేయింతుము?

కడపటి యత్నముగా చిత్తూరి పశువైద్యునికి చూపితిమి. ఆయన నన్ను రెండు ప్రశ్న లడిగి, నల్లి యెడమచెవి మెల్లగా నెత్తెను. అది కెవ్వుమన్నది. చెవిలోపల వాచి, చీము పట్టియున్నది. ఇరుకైన గడపయొద్ద చుక్క తల ఆ చెవికే తగులుచుండెను! భారతము మొదట సరమ కథ యున్నది. తప్పు చేయని తన పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టిరని ఆ దేవశుని యజ్ఞశాలకు వచ్చి యడిగినది. నల్లికి మాటలు లేవు. నాకు మాత్ర మారాత్రి ముద్ద దిగలేదు.

ఆయన చెప్పినది నాకు తెలిసినంత వ్రాసెదను. గుర్రుమనుట పొగరు కాదు, హెచ్చరిక. దానిని దండించి మాన్పినచో కుక్క హెచ్చరింపకయే కరచును. పోట్లాట వచ్చినపుడు చేయి పెట్టక నీళ్లు కుమ్మరింపవలెను. లేదా తడికను నడుమ దూర్పవలెను. ఒక యింటి ఆడుకుక్కల పోరు తరచుగా మొండిది. పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించుట మంచిదే గాని, దానితోనే పోరు మానునని నమ్మరాదు.

చెవి మానువరకు రెంటిని వేరుగా నుంచితిమి. నల్లికి పెరటిలో, చుక్కకు పంచలో తిండి. పిదప ఉదయమున మా వారొకదానిని, నేనొకదానిని గొలుసుతో పట్టుకొని, తోపులో చెరియొక ప్రక్క నడిపించితిమి. మొదటి దినమున నడుమ ఇరువది బారల యెడము. చూపు బిగిసినచో ఇంకను దూరము జరిగెడివారము. ఊరక నడచినచో బెల్లపు ముక్కంత సంగటి. (అసలు బెల్లము పెట్టవచ్చినవాడు మా చిన్నవాడు, వలదంటిని.) ఆ యెడము రెండు బారలగుటకు నెలన్నర పట్టినది. నడుమ నొకసారి చుట్టము తలుపు తీసి విడువగా మరల కలియబడినవి, మొదటికి వచ్చితిమి.

ఇప్పటికి అయిదు నెలలైనది. స్నేహితు లైనవని చెప్పను. మధ్యాహ్నము ఒకే మామిడినీడను, ఒకటి తూర్పునకు, ఒకటి పడమటికి మొగము పెట్టి పండుకొనును. విడిచి రమ్మనిన మా యత్తగారే చుక్కకు పంచలో గోనెపట్ట పరచుచున్నారు. పళ్లెములు మాత్రము వేరుగనే పెట్టుచున్నాను. తడిక యింకను గోడకు ఆనించియే యున్నది.