క్లౌ దొర, ఎర్రగుంట్ల పేరయ్య

నూజెండ్ల,
గురువారం రాత్రి

అక్కా,

క్షేమంగా చేరాను. వినుకొండ దాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. ఇక్కడ ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లిచ్చి ముందడిగేది "మీ ఇంటిపేరేంటి?" అనే. చెప్పామా, మన వాళ్లది ఏ ఊరో, ఎవరితో వియ్యమందారో వాళ్లే తేల్చేస్తారు.

సాయంత్రం ఒక చర్చి గోడ మీద చందాలిచ్చినవాళ్ల పేర్ల పలక చూశాను. నల్లరాయి, తెల్ల అక్షరాలు, అక్కడక్కడా సున్నం పడి మాసిపోయాయి. ప్రతి వరసలో ముందు ఇంటిపేరు, వెనక యోహాను, శామ్యూలు, మరియమ్మ. మతంతో పాటు పేరు మారింది గానీ ఇంటిపేరు మాత్రం తాతలనాటిదే. 1895లో వినుకొండలో పుట్టిన మన మహాకవినే చూడు. జాషువా బైబిలు పేరు, గుర్రం ఇంటిపేరు. నాకు ఆ పలక ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

మీ వాడు మాంచెస్టర్ నుంచి ఫోన్ చేసినప్పుడు అడిగాడే, తన ఆఫీసులో ఒకాయన ఇంటిపేరూ, ఒంగోలులో క్రైస్తవ మిషనరీగా ఉన్న క్లౌ దొర ఇంటిపేరూ ఒకటేనా అని. ఒకటే. అక్కడి వాళ్లు "క్లఫ్" అంటారు, మనకు "క్లౌ" అయింది. కొండల నడుమ వాగు పారే ఇరుకు లోయను ఉత్తర ఇంగ్లండ్‌లో ఆ మాటతోనే పిలుస్తారు. లాంకషైర్, యార్క్‌షైర్‌లలో అలాంటి లోయలు బోలెడు. లోయ దగ్గర కాపురమున్నవాడికి ఊళ్లోవాళ్లు పెట్టిన గుర్తు, తర్వాత పిల్లలకూ వాళ్ల పిల్లలకూ అంటుకుపోయింది. 1066లో నార్మన్లు వచ్చేనాటికి ఇంగ్లండ్‌లో మామూలు జనానికి వంశపారంపర్యంగా ఇంటిపేర్లు లేవు. పధ్నాలుగో శతాబ్దపు తలపన్ను జాబితాల్లో మాత్రం ఇలాంటివి కుప్పలుగా కనిపిస్తాయి.

రేపు ఒంగోలు వెళ్తున్నాను.

ఒంగోలు,
శనివారం

అక్కా,

దారిలో గుండ్లకమ్మ దాటాను. వినుకొండ సీమ మీదుగా పారే ఏరే ఇక్కడికీ వస్తుంది. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర, ఇదే ఏట్లో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఇచ్చింది క్లౌ కాదు, తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఇచ్చారట.

అంతకు ముందు రెండేళ్లు ఘోరమైన కరువు. క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. గంజి కోసమే మతంలోకి వచ్చారని రేపు ఎవరూ అనకూడదని, సహాయం పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ జాగ్రత్త నాకు చాలా నచ్చింది.

అయితే నా మనసంతా పేరయ్య మీదే ఉంది. ఎర్రగుంట్ల పేరయ్య, కనిగిరి ప్రాంతపు మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. తిరిగొచ్చి తనవాళ్లకు చెప్పాడు. అమెరికాలో పుట్టి 1865లో మన దేశానికి వచ్చిన క్లౌకు మాదిగపల్లెల దారి చూపించింది ఆయనే. 1866లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైనప్పుడు ఉన్నది ఎనిమిది మందే. పదేళ్లు దాటేసరికి వెల్లంపల్లి ఏటి గట్టు నిండిపోయింది.

ఎర్రగుంట్ల అన్నా నేల పేరే. ఎర్రమట్టి గుంటల దగ్గరి మనిషి ఒకరు, లోయ పక్క మనిషి మనవడి మనవడు ఇంకొకరు. ఇద్దరికీ నేలే ఇంటిపేరిచ్చింది. క్లౌ పేరు ఆసుపత్రికి పెట్టారు, ఊరంతా తలుచుకుంటుంది. పేరయ్య పేరు అంతగా వినిపించదు. ఇది న్యాయం కాదక్కా. ఆయన ముందు నడవకపోతే క్లౌ ఎన్నేళ్లు తిరిగినా పల్లెల్లో ఆ గుమ్మాలు తెరుచుకునేవి కావు.

మీ వాడికి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆఫీసులో ఆ క్లఫ్‌ గారికి ఒంగోలు దొర సంగతి చెప్పేటప్పుడు, పేరయ్య సంగతి ముందు చెప్పమను.

నీ తమ్ముడు