రెండో చెయ్యి

పోయిన నెల గోడపత్రికలో పదో తరగతి అక్క ఒకామె సామెతల మీద రాసింది. ఈసారి నేను ఒక ఇంగ్లీషు మాట మీద రాస్తున్నాను. ఆ మాట "ఆన్ ది అదర్ హ్యాండ్". ఆరో తరగతి చెల్లెళ్లు కూడా చదవాలని ఇంగ్లీషు వాక్యాలను తెలుగు అక్షరాలతోనే రాశాను.

ముక్కకు ముక్క అర్థం చూస్తే "ఇంకో చేతి మీద" అని వస్తది. చేతిని మా గోండిలో కయ్ అంటాం. అయితే ఈ మాటలో నిజం చెయ్యి ఏమీ లేదు. ఒక సంగతికి రెండు పక్కలు ఉన్నప్పుడు, ఒక పక్క చెప్పినాక రెండో పక్క చెప్పడానికి దీన్ని వాడతారు. తెలుగులో "ఇంకోపక్క", "మరోవైపు" అంటాం కదా, అట్లాంటిదే.

ఒక ఉదాహరణ చూడండి. "ఇన్ ది రెయినీ సీజన్ కుంటాల ఈజ్ బ్యూటిఫుల్. ఆన్ ది అదర్ హ్యాండ్, ది రాక్స్ ఆర్ స్లిప్పరీ." వానకాలంలో కుంటాల జలపాతం అందంగా ఉంటది. ఇంకోపక్క, అక్కడి బండలు జారుతయి. రెండూ ఒకే చోటు గురించి, రెండూ నిజమే.

ఇద్దరి సంగతి పోల్చి చెప్పడానికి కూడా ఈ మాట పనికొస్తది. మార్లవాయిలో 1943లో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. ఆ పంతుళ్లు పిల్లలకు గోండి వాచకాలతో చదువు చెప్పారు. ఆన్ ది అదర్ హ్యాండ్, నేను ఒకటో తరగతిలో కూర్చున్నప్పుడు పంతులు చెప్పే తెలుగు నాకు ఒక్క ముక్క తెలియదు. పక్కపిల్ల లేస్తే లేచేదాన్ని, కూర్చుంటే కూర్చునేదాన్ని.

ఇప్పుడు గుర్తు పెట్టుకోవలసినవి నాలుగు చెప్తాను.

ఒకటి. వాక్యం మొదట్లో ఈ మాట వస్తే దాని తర్వాత కామా పెట్టాలి. మధ్యలో వస్తే రెండు దిక్కులా పెట్టాలి. "మై సిస్టర్, ఆన్ ది అదర్ హ్యాండ్, లైక్స్ సింగింగ్."

రెండు. ముందు వాక్యానికి "ఆన్ ది వన్ హ్యాండ్" అని పెట్టవచ్చు, పెట్టకపోయినా తప్పు లేదు. కానీ అది పెడితే మాత్రం రెండో చెయ్యి తప్పకుండా రావాలి. ఒక చెయ్యి చూపించి ఆగిపోతే చదివేవాళ్లు ఎదురుచూస్తనే ఉంటారు.

మూడు. "ఆన్" బదులు "ఇన్" అంటే నిజం చెయ్యి అయిపోతది. "షి హ్యాజ్ ఎ బుక్ ఇన్ వన్ హ్యాండ్ అండ్ ఎ స్టిక్ ఇన్ ది అదర్ హ్యాండ్" అంటే ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో కట్టె ఉన్నట్టు.

నాలుగు. "ఆన్ ది కాంట్రరీ" అనే మాట వేరు. అది ముందు అనుకున్నదాన్ని కాదంటది. "సైన్స్ ఈజ్ నాట్ బోరింగ్. ఆన్ ది కాంట్రరీ, ఇట్ ఈజ్ ఇంట్రెస్టింగ్." సైన్సు విసుగు అనుకునేవాళ్లకు, అట్ల కాదు అని చెప్పడం. ఆన్ ది అదర్ హ్యాండ్ దేన్నీ కాదనదు.

మరి "బట్" ఉంది కదా, "కానీ" ఉంది కదా, ఇంత పొడుగు మాట ఎందుకు అని ఒక స్నేహితురాలు అడిగింది. దానికి జవాబు నాకు మా ఇంట్లో దొరికింది.

మా చెల్లెకు పన్నెండేండ్లు. అయిదో తరగతి అయినాక ఇంటి దగ్గరే ఉన్నది. పోయినేడు మా మామ వచ్చి బాపుతో, "పని ఉన్నది నిజమే, కానీ పిల్లను బడికి తోలు బావా" అన్నడు. బాపు ఏమీ అనకుండా లేచి చేనుకు పోయిండు. మామ చెప్పింది మంచిమాటే. కానీ "కానీ" అనంగనే ముందు చెప్పిన పని సంగతి కింద పడిపోయింది. ఆ పని మోసేది మా బాపు, మా అవ్వ.

ఈసారి దండారి సెలవులకు పోయినప్పుడు నేను అడిగిన. గోండిలో అడిగిన, ఇక్కడ తెలుగులో రాస్తున్న. "బాపూ, ఒకపక్క చూస్తే అవ్వకు నడుం నొస్తున్నది. పత్తి ఏరడానికి మనిషి కావాలె. వాన పడితే పత్తి తడిసి ధర రాదు. చెల్లె లేకుంటే ఎల్లదు. ఇంకోపక్క చూస్తే, నేను హాస్టల్‌ల చదువుతున్ననంటే నా పని కూడా చెల్లెనే చేస్తున్నది. దానికి కూడా చదవాలని ఉన్నది. బడి మానేసిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని 2009 విద్యా హక్కు చట్టంలో ఉన్నది. ఆరేండ్ల నుంచి పద్నాలుగేండ్ల దాక ఆ హక్కు ఉంటది. దానికి ఇంక రెండేండ్లే ఉన్నది."

బాపు ఈసారి లేచి పోలేదు. చుట్ట ఆరిపోయేదాక కూర్చున్నడు. "రెండూ నిజమే బిడ్డా. రెండూ ఎట్ల జరుగుతయి?" అని అడిగిండు.

అప్పుడు అవ్వ నోరు తెరిచింది. "మా అన్నోళ్ల చేనుల మనం రెండు రోజులు ఏరుదాం, మన చేనుల వాళ్లు రెండు రోజులు ఏరుతరు" అన్నది. చెల్లె పొయ్యి కాడ కూర్చొని ఏమీ మాట్లాడలేదు. చెవులు మాత్రం ఇటే పెట్టింది. పత్తి అమ్మినాక చూద్దాం అన్నడు బాపు. ఇంకా ఏమీ తేలలేదు. జూన్‌లో బళ్లు తెరిచేనాటికి తెలుస్తది.

నా స్నేహితురాలికి నేను చెప్పే జవాబు ఇదే. "బట్" తొందరగా ఒక పక్కకు పోతది. ఆన్ ది అదర్ హ్యాండ్ రెండు పక్కలనూ నిలబెట్టి, ఇప్పుడు ఏం చేద్దాం అని అడుగుతది.

మన హాస్టల్‌లో చాలామందికి ఇంటి దగ్గర చెల్లెనో తమ్ముడో ఉండే ఉంటారు. అందరూ ఈ మాటతో ఒక్కొక్క వాక్యం రాసి ఈ పత్రిక కింద అంటించండి. ఇంటికి పోయినప్పుడు ఆ వాక్యాన్ని మీ ఇంటి భాషలో చెప్పండి. ముందు వాళ్ల పక్క చెప్పండి, తర్వాత మీ పక్క చెప్పండి.



— తొమ్మిదో తరగతి విద్యార్థిని